రెండో గడి

ఫిబ్రవరి 21

వచ్చి రెండు రోజులైంది. అక్క మేడ మీద వెనక గది ఇచ్చింది. ఒక మంచం, ఒక బల్ల, బావ రెయిన్‌కోటు ఇంకా వేలాడుతున్న మేకు. కిటికీ తీస్తే రాళ్లగట్టు, దాని అవతల బురద, బురద చివర నీళ్లు. నీళ్లు రోజుకి రెండుసార్లు పైకొస్తాయి, రెండుసార్లు వెనక్కి పోతాయి. నేను అంతకంటే ఎక్కువసార్లు మెట్లెక్కి దిగుతున్నాను.

మార్చి నెలాఖరు దాకా సెలవు. ఎడిటరు శిక్ష అనలేదు, సెలవు అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఇన్నాళ్లు ఖాళీగా ఉన్నది లేదు.

పదకొండోవాడికి ఉత్తరం రాయాలి. రేపు రాస్తాను.

ఫిబ్రవరి 22

రాయలేదు.

ఫిబ్రవరి 23

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసుకుంటే మంచిది. పడవ మునిగింది. ఆస్పత్రిలో పది శవాలు. రేవులో ప్రయాణికుల జాబితాలో పదకొండు పేర్లు. నేను శవాల దగ్గరికి వెళ్లి కూడా జాబితాని నమ్మాను. పదకొండు మంది మృతి అని పేర్లతో సహా పంపాను. పదకొండోవాడు సిగరెట్లు కొనుక్కోవడానికి ముందు రేవులోనే దిగిపోయాడు. మధ్యాహ్నం తాపీగా ఇంటికి చేరేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పొద్దున్నే పేపరు చదివి పడిపోయిన వాళ్లమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆవిడ బతికింది. ఎడం చెయ్యి ఇంకా లేవడం లేదట.

మర్నాడు సవరణ వేశాం. చచ్చిపోయాడని మొదటి పేజీలో వేసి, బతికున్నాడని నాలుగో పేజీలో వేశాం. రెండు అంగుళాలు.

ఇంతే. ఇందులో రాయడానికి కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఉత్తరంలో మాత్రం "అయ్యా" తర్వాత కలం కదలడం లేదు.

ఫిబ్రవరి 24

"ఒరేయ్, కాలుగాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు? మెట్లరిగిపోతాయి. ఎల్లుండి పెద్ద పోటు. నాతో లెక్కకి రా," అంది అక్క."

అక్క ముప్ఫై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. "హలో" అన్న ముక్కని బట్టి ఊళ్లో సగం మందిని పోల్చుకునేది. రిటైరయ్యాక ఆవిడకి మిగిలిన పని ఇదొక్కటే. ఏటా ఈ రోజుల్లో, చలి తగ్గుతున్నప్పుడు, ఉత్తరానికి వెళ్లిపోయే పిట్టలు ఈ బురద మీద ఆగి నెలా నెలన్నర తిని బలుస్తాయి. పెద్ద పోటు వచ్చిన రోజున బురదంతా మునిగి, అన్నీ ఆ చివర ఇసుకమేట మీద గుమిగూడతాయి. అప్పుడు లెక్కపెట్టాలి. సీజనుకి మూడు లెక్కలు. మూడింట్లో పెద్దది ఆ ఏటి అంకె. పుస్తకం ఓడరేవు ఆఫీసుకి ఇవ్వాలి.

ఇద్దరు లెక్కపెట్టాలన్నది పద్ధతి. పుస్తకంలో ప్రతి తేదీకీ రెండు గడులున్నాయి. మొదటిది అక్కది, రెండోది బావది. బావ పోయి నాలుగున్నరేళ్లు. రెండో గడి అప్పట్నుంచి ఖాళీ.

"పిట్టలు కూడా మీ బావతోనే తగ్గిపోయాయిరా," అంది అక్క. "ఆయనున్న చివరి ఏడాది రెండు వేల మూడొందల పది. ఆ తర్వాత ఒక్క ఏడాదీ పెరిగింది లేదు."

ఫిబ్రవరి 26. పోటు ఉదయం 9.10. గాలి పడమర నుంచి, తక్కువ.

టెలిస్కోపు, మూడుకాళ్ల స్టాండు నేనే మోశాను. గట్టు మీద అక్కకి ఒక సిమెంటు దిమ్మ ఉంది. పాతికేళ్లుగా అదే ఆవిడ కుర్చీ.

పద్ధతి చెప్పింది. పది పిట్టల్ని విడిగా లెక్కపెట్టాలి. ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో గుర్తుపెట్టుకుని, ఆ ముక్కని గుంపు మీద పరుచుకుంటూ పోవాలి. ముక్కకో నొక్కు. నొక్కడానికి గుప్పిట్లో పట్టే మీటరుంటుంది. మాట్లాడుకోకూడదు. ఎవరి చీటీ వాళ్లు రాసుకున్నాకే విప్పాలి. తేడా పదోవంతు లోపుంటే సగటు వేసుకోవచ్చు. దాటితే ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి.

అక్క పేర్లు అక్కవే. పొడుగు ముక్కు కిందికి వంగినవి వంకరముక్కులు. పిడికిలంత ఉండి, బురద రంగులో, వందలకి వందలు కదలకుండా కూర్చునేవి బూడిదపిట్టలు. బాతుల్ని మాత్రం అందరిలాగే పరజలంటుంది.

"చీటీలు నువ్వే చదువు. కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయాను."

కళ్లద్దాలు ఆవిడ మెడలో గొలుసుకి వేలాడుతున్నాయి.

చదివాను. అక్క 560. నేను 1,640.

అక్క పకపకా నవ్వింది.

"బతికున్నవాణ్ణి చంపినవాడివి. లేని పిట్టల్ని పుట్టించడం నీకెంతసేపురా!"

నేనూ నవ్వాను. నవ్వకపోతే బావుండదు.

రకాల వారీగా చూశాను. సీగల్స్ నాకు 214, ఆవిడకి 210. పరజలు నాకు 160, ఆవిడకి 150. వంకరముక్కులు 66, 60. బూడిదపిట్టలు నాకు 1,200, ఆవిడకి 140.

కాబట్టి నాకు బూడిదపిట్టల్ని లెక్కపెట్టడం రాదు. ఒకే గుంపుని రెండు మూడుసార్లు పరుస్తూ ఉండుంటాను. పాతికేళ్లుగా చేస్తున్న మనిషికీ మొదటిరోజు మనిషికీ ఆ మాత్రం తేడా ఉంటుంది. పైగా నా లెక్కల సంగతి రాష్ట్రమంతా చదివింది.

రెండోసారి 600 రాశాను. అక్క 560 మీదే ఉంది. సగటు 580.

పుస్తకంలో రెండో గడిలో అంకె వేస్తూ ముందు 1 పడింది. దాన్ని నల్లగా పూసేశాను. అక్కకి ఆ గీకుడు వినపడింది.

"అలా పూయకు. తప్పు పడితే స్కేలు పెట్టి ఒక్క గీత. అడుగున అంకె చదవగలగాలి, పక్కన పొడి అక్షరాలు పడాలి. మొత్తం పూసేస్తే దొంగతనం అనేవారు మీ బావ."

ఫిబ్రవరి 28

ఏమీ లేదు. గట్టు ఈ చివర నుంచి ఆ చివరకి 1,130 అడుగులు వేశాను. నాలుగుసార్లు.

మార్చి 2

నీళ్లు దిగాక వలలాయన కనపడ్డాడు. బురదలో గుంజలు పాతి వలలు కడతాడు, ఎరకి పురుగులు తవ్వుకుంటాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"మీరు అమ్మగారి తమ్ముడా? పేపరాయనా? అయితే ఇది రాయండి. ఈ బూడిద ముండలు నా కడుపు కొడుతున్నాయి. నేను ఒక పురుగు తీసేలోపు అవి వంద మింగుతున్నాయి. ప్రతి ఏడూ ఇదే గోల."

"ఈ ఏడు తగ్గాయంటున్నారే?"

"ఎవరండీ అన్నది? వాళ్లని ఇక్కడికొచ్చి నా బుట్ట చూడమనండి!"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పైగా పురుగులు దొరక్కపోతే పిట్టల మీద తోసెయ్యడం తేలిక. ఇదొక్క ఆధారం. ఒక్క ఆధారంతో వార్త రాయకూడదన్నది కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం.

మార్చి 3

ఉత్తరం: "అయ్యా, నేను ఫలానా పత్రిక". చింపేశాను.

మార్చి 6

అక్క కప్పు అంచులో వేలు పెట్టుకుని టీ పోస్తోంది. వేడి ఎంతుందో చూసుకోవడానికేమో.

మార్చి 7

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, కిటికీకి వీపు పెట్టి, "మూడు వంకరముక్కులు పోతున్నాయి చూడు, దక్షిణానికి," అంది. పరుగెత్తి చూశాను. మూడే. దక్షిణానికే.

ఇంత తెలిసిన మనిషి లెక్క తప్పదు.

మార్చి 9

ఎడిటరు ఫోను. ఏం చేస్తున్నావన్నాడు. పిట్టల్ని లెక్కపెడుతున్నానన్నాను. "రెండుసార్లు సరిచూసుకో," అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఫోను పెట్టేశాక మెట్ల మీద గంట కూర్చున్నాను.

మార్చి 12. పోటు 9.35. గాలి లేదు. వెలుతురు బాగుంది.

ఈసారి ఒక్కో ముక్కకి ఆగి, కన్ను తీసి, మళ్లీ పెట్టి చూశాను. 1,900. రెండోసారి 1,880. మూడోసారి చూడలేదు.

చీటీ మీద 610 రాశాను. ఆవిడ అంకె ఎంతుంటుందో ఊహించడం కష్టం కాలేదు. పదోవంతు లోపు పడాలి, అంతే.

అక్క టెలిస్కోపుని ఇసుకమేట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పింది. మధ్యలో బూడిదపిట్టలు చాప పరిచినట్టున్నాయి. ఆ చాప మీంచి అద్దం ఆగకుండా జరిగిపోయింది. సీగల్స్ దగ్గర ఆగింది. నొక్కు, నొక్కు. చీటీ రాసి మడిచింది.

అప్పుడు డేగ వచ్చింది.

వెయ్యికి పైగా రెక్కలు ఒక్కసారి లేస్తే గుడ్డ చింపినట్టు చప్పుడొస్తుంది. గుంపు మొత్తం మా నెత్తి మీదుగా తిరిగింది. నీడ అక్క చీర మీంచి జారిపోయింది. అక్క తల పైకెత్తింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. పెన్సిలు పట్టుకున్న చెయ్యి పుస్తకం మీద అలాగే ఉండిపోయింది.

రెక్కల చప్పుడు దూరమయ్యాక అంది: "ఇప్పుడే వచ్చాయి కదరా, సముద్రం మీంచి?"

అది ప్రశ్న కాదు. ముప్ఫై ఏళ్లు మనుషుల్ని ప్రశ్నలడిగినవాణ్ణి, తేడా తెలుస్తుంది.

"అవునక్కా. ఇప్పుడే."

చీటీలు చదివాను. 570, 610. సగటు 590.

మార్చి 13

నిజంగా అప్పుడే వచ్చుండొచ్చు. నేను నీళ్లకేసి చూస్తూ లేను కదా.

మార్చి 14

వచ్చుండవు.

మార్చి 15

అక్క కళ్లద్దాల ఫ్రేము కాడ వదులైంది. బిగించుకొస్తానని నేనే తీసుకెళ్లాను. నిజానికి వదులు కాలేదు. గదిలో కూర్చుని నేనే మరను అరతిప్పు వదులు చేశాను. ఇది కూడా రాసుకోవాలి.

కళ్లద్దాల షాపాయన కాడ చూస్తూనే ఎవరివో గుర్తుపట్టాడు.

"అక్కగారివా? ఎలా ఉన్నారు? పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లారా?"

"వెళ్లమన్నారా మీరు?"

"అయ్యో, మూడేళ్లయింది చెప్పి! అద్దాలు మార్చి లాభం లేదండీ. కంటి నడిమధ్యలో మచ్చ పడింది. చుట్టూ కనపడుతుంది, సూటిగా చూస్తే కనపడదు. నలుపూ తెలుపూ ఫరవాలేదు, బూడిద మీద బూడిద అంటే ఇక అంతే. అప్పుడే వెళ్లుంటే ఆపగలిగేవారు. ఇంట్లో మీకెవరికీ చెప్పలేదా?"

చెప్పలేదు.

మరను బిగించినందుకు ఏమీ తీసుకోలేదు.

రెండు ఆధారాలు. సూటిగా చూస్తే కనపడదు. టెలిస్కోపు చేసే పనల్లా సూటిగా చూపించడమే.

మార్చి 17

ఓడరేవు ఆఫీసు నుంచి సర్వే గుమస్తా వచ్చాడు. బురదలోంచి అడ్డంగా నడిచొచ్చి పెరటి కుళాయి కింద కాళ్లు కడుక్కుంటున్నాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? గట్టు మీంచి రావచ్చు కదయ్యా," అంది అక్క, గొంతు విని.

"దగ్గర దారండీ అమ్మగారూ."

మంచి మనిషి. ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి విషయం చెప్పాడు. బురద పూడ్చి సరుకులు దింపే యార్డు కట్టాలని ప్రతిపాదన. నిబంధన ఏంటంటే, ఐదేళ్ల సగటు వెయ్యి పిట్టలకి తగ్గకపోతే బురద జోలికెళ్లకూడదు. తగ్గితే మట్టి పోస్తారు. లారీలు ఏప్రిల్లో మొదలవుతాయి.

"మీ పుస్తకం ప్రకారం గత నాలుగేళ్లు 1,720, 1,140, 780, 560. మొత్తం 4,200. ఈ ఏడు 800 వస్తే చాలండీ, గట్టెక్కినట్టే. ఇప్పటికెంత?"

"ఐదొందల తొంభై," అంది అక్క.

గుమస్తా కవరు సర్దుకున్నాడు. మళ్లీ తీశాడు. నేలకేసి చూస్తూ అన్నాడు: "రెండొందల పది పిట్టలేగా అమ్మగారూ. ఒక లెక్క ఇంకా ఉంది. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడరు కాబట్టే కదయ్యా నన్ను పెట్టారు?" అక్క గొంతు పైకి లేవలేదు. ఎక్స్ఛేంజిలో బూతులు తిట్టేవాళ్ల లైను కత్తిరించే ముందు ఇదే గొంతు. "ఉన్నదే రాస్తాను. లేకపోతే లేదు. ఇరవయ్యెనిమిదిన రా. పుస్తకం ఇస్తాను."

ఆయన వెళ్లాక చాలాసేపు గుమ్మంలో నిలబడింది. "పోతే పోయింది బురద," అంది. తర్వాత కుళాయి కట్టేయడానికి వెళ్లి, చెయ్యి అటూ ఇటూ తడిమి పట్టుకుంది.

ఆవిడ అబద్ధం రాయదు. ఆవిడ నిజం రాయడం వల్లే బురద పోతోంది. నేను నిజం చూసి అబద్ధం రాశాను. దానివల్ల కూడా బురదే పోతోంది.

మార్చి 18

చెప్పాలి.

మార్చి 19

చెప్పేస్తే ఏమవుతుంది? ఆవిడకి మిగిలిందల్లా ఆ సిమెంటు దిమ్మ. చెప్పకపోతే ఏప్రిల్లో దిమ్మ కూడా మట్టి కిందే.

మార్చి 20

ఇంకో దారుంది. ఇరవయ్యారున నా చీటీ మీద, పుస్తకంలో 2,000 రాస్తాను, నోటితో మాత్రం ఆవిడ అంకెకి దగ్గరగా ఇంకోటి చదువుతాను. చదివేది నేనే కదా. రెండూ కుదురుతాయి. ఆవిడకి తెలియదు. బురద మిగులుతుంది. ఎవరికీ నష్టం లేదు.

మార్చి 21

పై పేరా మళ్లీ చదివాను. ఇది రాసినవాణ్ణి నేను ఏ పత్రికలోనూ ఉద్యోగంలో పెట్టుకోను.

మార్చి 23

అన్నం తినేటప్పుడు అడిగాను, మామూలుగా: "అక్కా, పెద్ద డాక్టరుకి ఒకసారి కళ్లు చూపించుకోకూడదూ?"

"నా కళ్లకేం? నీ మొహం మీద గడ్డం పెరగడం కనపడుతూనే ఉంది."

పొద్దున్నే గీసుకున్నాను.

మార్చి 24

వాన. బయటికి వెళ్లలేదు. మెట్లు పధ్నాలుగు.

మార్చి 26. పోటు 9.05. గాలి ఉత్తరం నుంచి. వెలుతురు మధ్యస్థం.

సీజన్లో ఆఖరి లెక్క. పిట్టలన్నీ తిని నిండుగా ఉన్నాయి. కొన్నిటికి పొట్ట కింద ఎర్రటి రంగు తిరుగుతోంది. రెండుసార్లు లెక్కపెట్టాను. 2,080, 2,040. ఆఖరికి 2,080 రాశాను. మడిచాను.

"చదువు," అంది అక్క.

"నీది ఐదొందల నలభై." రెండో చీటీ విప్పాను. "నాది రెండు వేల ఎనభై."

"మళ్లీ పుట్టించావా?"

"లేదక్కా. చూశాను."

"మళ్లీ చూడు."

"రెండుసార్లు చూశాను. రెండోసారి రెండు వేల నలభై. పోయినసారి పంతొమ్మిది వందలు. మొదటిసారి పదహారు వందల నలభై, అదీ నిజమే." ఇక ఆగలేదు. వార్త చదివినట్టు చెప్పేశాను. షాపాయన ఏమన్నాడో, వలలాయన ఏమన్నాడో, సీగల్స్ ఇద్దరికీ ఎందుకు కలుస్తున్నాయో, బూడిదపిట్టలు ఎందుకు కలవడం లేదో. కాడ మర నేనే వదులు చేశానని కూడా.

అక్క ఇసుకమేట కేసి చూస్తోంది. సూటిగా కాదు. తల కాస్త పక్కకి తిప్పి, కంటి చివరి నుంచి. నెల రోజులుగా అది ఆవిడ అలవాటనుకున్నాను.

"డేగ వచ్చిన రోజున అవి ముందు నుంచే అక్కడున్నాయి," అంది.

"ఉన్నాయి."

"నేనడిగితే ఇప్పుడే వచ్చాయన్నావు."

"అన్నాను."

"ఆ రోజు నీకు పంతొమ్మిది వందలు కనపడ్డాయి. చీటీ మీద ఆరొందల పది రాశావు."

"నీ మనసు..."

"నా మనసు సంగతి కాదురా. నేను కనపడక తక్కువ రాశాను. నువ్వు కనపడి తక్కువ రాశావు. మనిద్దర్లో ఎవరి కళ్లు పోయినట్టు?"

నా చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మీ బావ పోయాక రెండో గడిలో ఒక్క అంకె వెయ్యలేదు నేను. తెలుసా? ఎంతమంది చెప్పారు, నీ అంకే అందులోనూ వేసెయ్, ఎవరడుగుతారని. ఖాళీగానే ఉంచాను. ఖాళీ అయినా నిజం ఖాళీ. అందులో మొదటిసారి నువ్వు దొంగ అంకె వేశావు."

స్టాండు తనే మడిచింది. తనే భుజాన వేసుకుంది. గట్టు మీద నా ముందు నడిచింది. ప్రతి రాయీ ఆవిడ కాలికి తెలుసు.

మార్చి 27

మాట్లాడలేదు. టీ నా గదిలోకి రాలేదు. కిందికి వెళ్లి నేనే కాచి ఇద్దరికీ పోశాను. తాగింది.

సాయంత్రం గది బయట నుంచి ఒక్క మాట: "రేపు గుమస్తా వచ్చేటప్పుడు ఇంట్లో ఉండు."

మార్చి 28

పదింటికి వచ్చాడు. ఈసారి గట్టు మీంచే వచ్చాడు.

అక్క బల్ల మీద పుస్తకం, స్కేలు, ఎర్ర పెన్ను పెట్టుకుని సిద్ధంగా ఉంది. ముందు నన్ను పిలిచింది.

"నీవి నువ్వు కొట్టెయ్. ఒక్క గీత."

రెండో గడిలో 600 మీద స్కేలు పెట్టి గీత గీశాను. పక్కన 1,640. 610 మీద గీత. పక్కన 1,900. పొడి అక్షరాలు. కారణం అన్న చోట ఏం రాయాలో తోచలేదు.

"ఉన్నదే రాయి," అంది అక్క.

'చూసినదాని కంటే తక్కువ రాశాను' అని రాశాను. నాలుగు మాటలు. నెల రోజులుగా ఉత్తరంలో రానివి.

గుమస్తా వంగి చూశాడు. ఇబ్బందిగా నా వైపు తిరిగాడు. "ఏమనుకోకండి. ఆ పడవ వార్త రాసింది మీరే కదండీ? ఆఫీసులో అడుగుతారు. పోయినేడు 560, ఈ ఏడు రెండు వేలా? అదీ మీ అంకెతో? అమ్మగారు నిలబెట్టిన అంకెలు ఎదురుగా ఉన్నాయి. మీ మాట ఎవరు నమ్ముతారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే అవసరం కూడా లేదు. ఆయన సూటిగానే అన్నాడు, అన్నదాంట్లో తప్పు లేదు.

"అందుకే నిన్ను రమ్మన్నాను," అంది అక్క. "పోయినేడు నా పేజీ తియ్యరా."

తీశాను. వేలితో గడి ఎక్కడుందో చూపించమంది. చూపించాను. స్కేలు ఆనించింది. గీత గీసింది. ముందటేడు. అంతకు ముందటేడు. 1,720 దగ్గర ఆగింది.

"ఆ ఏడు కూడానా అమ్మగారూ?" గుమస్తా అన్నాడు. "అది పెద్ద అంకే కదా, ఉంచండి."

"ఆ ఏడే సూదిలో దారం ఎక్కడం మానేసింది," అంది. గీసేసింది.

ప్రతి గీత పక్కనా పెద్ద అక్షరాలతో ఒకటే కారణం రాసింది. వరస కాస్త పైకీ కిందికీ పోయింది. 'లెక్కపెట్టిన మనిషికి చూపు తగ్గింది.' కింద పొడి అక్షరాలు. ఆ అక్షరాలు పూర్తయ్యాక పెన్ను మూత పెట్టడానికి రెండుసార్లు తడబడింది. నేను సాయం చెయ్యలేదు. చెయ్యనిచ్చేది కాదు.

గుమస్తా గీతలన్నీ వేలితో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత గుమస్తాలా మాట్లాడాడు. "నాలుగేళ్లు కొట్టేస్తే సగటు లేదు. సగటు లేకపోతే ఫైలు కదలదు."

"ఫైలు కదలకపోతే?"

"మట్టీ కదలదండీ. వచ్చే వసంతం నుంచి మళ్లీ మొదలు. ఇద్దరు ఉండాలి, మొదటి గడికి కొత్త మనిషి కావాలి. మీకు..." ఆగిపోయాడు.

"తెలుసయ్యా. నాకు ఇక లేదు."

"పైవాళ్లు ఏమంటారో నేను చెప్పలేను అమ్మగారూ."

"చెప్పమనలేదు. పుస్తకం తీసుకెళ్లు."

ఆయన కవరులో పెట్టబోతుంటే చెయ్యి చాపింది. "ఒక్క నిమిషం. లైన్లో ఉండు." పుస్తకం నా ముందుకి జరిపింది.

"గీత కింద అంకె కనపడుతోందా?"

ఒక్కొక్కటీ చదివాను. ఐదొందల అరవై. ఏడొందల ఎనభై. పదకొండు వందల నలభై. పదిహేడు వందల ఇరవై.

"అన్నీ కనపడుతున్నాయక్కా."

"అయితే సరిగ్గానే కొట్టాను," అంది.

మార్చి 30

నిర్ణయం వాయిదా అని గుమస్తా ఫోను చేశాడు. ఎన్నాళ్లో తెలియదు. ఈ ఏప్రిల్లో లారీలు రావు. అంతే తెలుసు.

పెద్ద డాక్టరు దగ్గర అక్కకి ఆరో తేదీన సమయం దొరికింది. వెళ్తానంది. "పోయిందాన్ని తెప్పించరు, ఉన్నదాన్ని ఉంచుతారట. చూద్దాం."

మార్చి 31

పొద్దున నీళ్లు దిగుతుండగా ఒక గుంపు లేచింది. మామూలుగా ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగిపోతాయి. ఇవి దిగలేదు. గీతలా సాగి ఉత్తరానికి తిరిగాయి. అక్క దిమ్మ మీద కూర్చుని తల పైకెత్తి ఉంది.

"ఎన్ని?"

చీటీ లేదు, పెన్సిలు లేదు. తన అంకె రాసుకోకముందే ఎదుటివాళ్ల అంకె అడగడం ఆవిడ పద్ధతి కాదు.

పదుల్లో పరిచి చూశాను. "నూట నలభై. ఐదారు అటూ ఇటూ."

"అటూ ఇటూ అన్నావు. మంచిది," అంది. అవి పూర్తిగా వినపడకుండా పోయేదాకా అటే చెవి పెట్టి కూర్చుంది.

ఎడిటరుకి చెప్పాను, రెండు రోజులు ఆలస్యంగా వస్తానని. ఉత్తరం రాయడం లేదు. రేపు పొద్దున ఏడు ఇరవైకి పదకొండోవాడి ఊరికి బస్సుంది. సాయంత్రాలు వాళ్లమ్మని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపిస్తాడట. ఆ వేళకి చేరతాను. ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు. వెళ్లి, ముందు ఇద్దర్నీ చూడాలి.